కూర్మం మెట్టు కాదు

శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలోని కూర్మనాథుడి గుడికి వచ్చిన వాళ్లలో ఒక మాట వినకుండా తిరిగి వెళ్లేవాళ్లు తక్కువ. మొదట నీళ్లలో చేప. తరువాత నీటికీ నేలకూ చెందిన తాబేలు. తరువాత నేల మీది వరాహం. సగం మృగం, సగం మనిషి అయిన నరసింహుడు. పొట్టి వామనుడు, గొడ్డలి పట్టిన పరశురాముడు, చివరికి రాముడు, కృష్ణుడు. డార్విన్ చెప్పిన పరిణామం ఇదే కదా, మనవాళ్లు ఎప్పుడో చెప్పేశారు కదా అంటారు. పిల్లలను గుడి చూపించడానికి తెచ్చిన మాస్టారు చెబుతారు. బస్సులో పక్క సీటు ఇంజనీరు చెబుతారు. ఫోన్లలో తిరిగే వీడియోలు చెబుతాయి. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన 106వ భారత సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి కూడా చెప్పారు. డార్విన్ సిద్ధాంతం కంటే దశావతారాలే మెరుగైన పరిణామ సిద్ధాంతమన్నది ఆయన వాదన. శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు తరతరాలుగా పై చదువులకు వెళ్లిన విశ్వవిద్యాలయం అది.

ఈ మాట తప్పు. తప్పయినా హాని లేని మాట, నలుగురికీ గర్వం కలిగించే మాట అని పెద్దలు ఊరుకుంటున్నారు. హాని ఉంది. ఆ హాని పుస్తకాల్లో ఆగకుండా మన ఊళ్ల చెరువుల్లోకి, బీలలనే తడినేలల్లోకి, సముద్రపు ఒడ్డుకు వచ్చింది. అందుకే ఈ ఖండన.

ముందు ఆ పోలిక పుట్టుక చూద్దాం. డార్విన్ ‘జాతుల పుట్టుక’ 1859లో వచ్చింది. 1877లో న్యూయార్క్‌లో అచ్చయిన ‘ఐసిస్ అన్‌వీల్డ్’ అనే పుస్తకంలో దివ్యజ్ఞాన సమాజం స్థాపకుల్లో ఒకరైన హెలీనా బ్లావట్‌స్కీ అవతారాల వరుసను డార్విన్ సిద్ధాంతం పక్కన పెట్టి చూపించారు. 1882లో బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ తన ఉపన్యాసంలో దాదాపు అదే చెప్పారు. అంటే మనం తాతముత్తాతల మాటగా చెప్పుకుంటున్నది డార్విన్ తరువాత పుట్టిన మాట. మన కథలన్నీ మూఢత్వమని తెల్లవాళ్లు ఎగతాళి చేస్తున్న రోజుల్లో ఆ పోలిక చదువుకున్న భారతీయులకు ఊతమిచ్చింది. ఆ రోజుల్లో ఆ అవసరం ఎంత బలమైనదో నాకు అర్థమవుతుంది.

కాని ఆ పోలికతో పాటు ఇంకొకటి కూడా ఇంట్లోకి వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దపు యూరప్‌కు సృష్టి అంతా ఒక నిచ్చెనగా కనిపించేది. అడుగున పురుగు, పైన మనిషి. మనుషుల్లో మళ్లీ మెట్లు, అన్నిటికంటే పైన యూరప్ మగవాడు. ఆ నిచ్చెన మీద మన తాతలకు ఇచ్చిన చోటు పైమెట్టు కాదు. మన కొండల మీది సవరలకు ఇచ్చిన చోటు ఇంకా కింద. ఆ కాలంలోనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల దగ్గర విద్యార్థిగా కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు. 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథం వెలువరించారు. పాలకులు నిచ్చెన అడుగున నిలబెట్టిన వాళ్లను ఆయన గురువులుగా చూశారు. మన జిల్లా గర్వంగా చెప్పుకోవలసింది ఆ చూపును. మనం మాత్రం మనల్ని కిందికి నెట్టిన నిచ్చెననే తెచ్చి కూర్మనాథుడి గుడికి ఆనించి, ఇది మాదే అంటున్నాం.

ఈ వాదం చేసేవాళ్లు జె.బి.ఎస్. హాల్డేన్ పేరు కూడా చెబుతుంటారు. అంతటి జీవశాస్త్రవేత్త ఒప్పుకున్నాక మీరెవరు అంటారు. హాల్డేన్ మన దేశానికి వచ్చి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, భువనేశ్వర్‌లో 1964 డిసెంబరు 1న కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. ఆయన జీవితకాలం పనిచేసిన శాస్త్రం, జనాభాలో లక్షణాలు తరం నుంచి తరానికి ఎలా మారతాయో గణితంతో లెక్కగట్టే శాస్త్రం. ఆ లెక్కల్లో ఎక్కడా శిఖరం లేదు, గమ్యం లేదు. హాల్డేన్‌ను నిజంగా గౌరవించేవాళ్లు ఆ లెక్కలు చదవాలి.

ఇక భాగవతం దగ్గరకు వద్దాం. అవతారాలను వరుసగా చెప్పే ప్రథమ స్కంధం తెరిస్తే అక్కడ ఉన్నవి పది కాదు, ఇరవై దాటాయి. మొదట సనకాదులు, అంటే మనుషుల రూపంలో ఉన్న బాలఋషులు. రెండవది వరాహం. ఆ తరువాత నారదుడు, నరనారాయణులు, కపిలుడు, దత్తాత్రేయుడు, ఇంకా కొందరు. మత్స్యం పదవది. కూర్మం పదకొండవది. కూర్మం వెంటనే ధన్వంతరి, మోహిని. నరసింహుడు ఆ తరువాత. పరిణామం చెప్పదలచుకున్న గ్రంథమే అయితే ఋషుల తరువాత పంది, పంది తరువాత చాలాకాలానికి చేప ఎందుకు వస్తాయి? ఆ వరుసలో కాలక్రమం వెతకడమే పొరపాటు. అది లీలల వరుస. ఏ ఆపదకు ఏ రూపం తగునో ఆ రూపం. దాన్ని జంతుశాస్త్ర పట్టికగా చదివితే భక్తుడి చేతిలో భక్తీ మిగలదు, శాస్త్రమూ మిగలదు.

కూర్మావతార కథనే చూడండి. దేవతలూ రాక్షసులూ కలిసి మందరగిరిని కవ్వం చేశారు, వాసుకిని తాడు చేశారు. బలానికి లోటు లేదు. ఆశకు అంతకంటే లోటు లేదు. లోటు ఒక్కటే. కొండ కింద ఆధారం లేదు. మందరం సముద్రంలో కుంగిపోయింది. చిలికేవాళ్లలో ఎవరికీ ఆ సంగతి ముందు తట్టలేదు. అప్పుడు విష్ణువు తాబేలై అడుగుకు వెళ్లి కొండను వీపున మోశాడు. ఆ వీపు లక్ష యోజనాల వెడల్పు అని భాగవతం చెబుతుంది. కొండ గిర్రున తిరుగుతుంటే ఆ కూర్మానికి వీపు గోకినట్టు హాయిగా ఉందట. అమృతం కోసం పైన జరిగిన పెనుగులాటలో ఆ తాబేలు లేదు. అది లేకపోతే పెనుగులాటే లేదు. ఈ కథలో తాబేలు చేప నుంచి మనిషికి వెళ్లే దారిలో రెండో మెట్టు అని ఎలా చదవగలిగాం? కథ నిండా ఉన్నది, ఎవరు ఎవరి మీద ఆధారపడి బతుకుతున్నారన్న ప్రశ్న. శ్రీకూర్మంలో మూలవిరాట్టు తాబేలు రూపమే. రాజులు, నరహరి తీర్థులవంటి యతులు, దూరదేశపు యాత్రికులు వందల ఏళ్లుగా వచ్చి ఆ తాబేలుకు మొక్కారు. తమ పితృదేవతల కార్యాలు ఈ పుష్కరిణి ఒడ్డున జరిపారు. కాలం చెల్లిన మెట్టుకు ఎవరూ అలా మొక్కరు.

డార్విన్ మాటకు వస్తే, ‘జాతుల పుట్టుక’ పుస్తకమంతా కలిపి ఒకే ఒక్క బొమ్మ ఉంది. అది కొమ్మలు చీలిపోతూ పోయే గీతల బొమ్మ. నిచ్చెన కాదు. అందులో ఏ కొమ్మా మిగతావాటికి గమ్యం కాదు. మనిషి తాబేలు నుంచి రాలేదు. తాబేళ్లకు, పక్షులకు, పాములకు దారితీసిన శాఖా, పాలిచ్చే జంతువులకు దారితీసిన శాఖా సుమారు 32 కోట్ల ఏళ్ల కిందటే విడిపోయాయి. అంటే తాబేలు మనకు తాత కాదు, దూరపు దాయాది. పందికీ మనిషికీ ఉమ్మడి పూర్వజీవి సుమారు 9 కోట్ల ఏళ్ల కిందటిది. పంది మనకంటే వెనుకబడిన జంతువు కాదు, ఆ 9 కోట్ల ఏళ్లూ మనతో సమానంగా మారుతూ వచ్చిన జంతువు. ఈ రోజు బతికి ఉన్న ప్రతి ప్రాణికీ పరిణామంలో వయస్సు ఒకటే.

తాబేలు సాధించింది తక్కువేమీ కాదు. ఒంటి మీద డిప్ప ఉన్న తాబేళ్లు 20 కోట్ల ఏళ్లకు పైగా ఉన్నాయి. మనిషి జాతి వయస్సు సుమారు 3 లక్షల ఏళ్లు. ఆ డిప్ప పైనుంచి తొడుక్కున్న కవచం కాదు. దాని పక్కటెముకలూ వెన్నెముకా వెడల్పై కలిసిపోయి అలా తయారయ్యాయి. మనకు భుజం ఎముక పక్కటెముకల గూటికి వెలుపల ఉంటుంది, తాబేలుకు లోపల ఉంటుంది. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇంకే జంతువుకూ సాధ్యపడని నిర్మాణం అది. డైనోసార్లను తుడిచిపెట్టిన విపత్తును తాబేళ్లు దాటి వచ్చాయి. ఇంతటి ప్రాణిని మనం మన దగ్గరకు వచ్చే దారిలో ఒక మజిలీగా పిల్లలకు పరిచయం చేస్తున్నాం.

2022, 2023 ప్రాంతంలో జాతీయ విద్యా పరిశోధన మండలి పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి పరిణామం పాఠాన్ని తీసేసింది. ‘అనువంశికత, పరిణామం’ అన్న అధ్యాయం ‘అనువంశికత’గా మిగిలింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ రాశారు. పదితో సైన్సు ఆపేసే పిల్లలే ఎక్కువమంది. వాళ్లకు ఇక బడిలో పరిణామం అందదు, గుడిలో విన్న నిచ్చెన మాత్రం జీవితాంతం గుర్తుంటుంది. అది చిన్న నష్టం కాదు. పరిణామం తెలిసిన పిల్లవాడు తన కణాలు, బీలలోని నత్త కణాలు ఒకే లిపిలో రాసి ఉన్నాయని తెలుసుకుంటాడు. నిచ్చెన నేర్చుకున్న పిల్లవాడు తాను పైన ఉన్నానని మాత్రమే నేర్చుకుంటాడు. వాడే పెరిగి పెద్దవాడై ఫైలు మీద సంతకం పెడతాడు.

ఆ సంతకం ఏం చేస్తుందో చూడాలంటే సోంపేట వెళ్లాలి. సముద్రపు ఇసుక తిన్నెలకు లోపలి వైపు, పల్లంలో, వానాకాలపు నీళ్లు చేరి నిలిచే విశాలమైన తడినేలను అక్కడివాళ్లు బీల అంటారు. కొండల నుంచి వచ్చే వరదను అది పట్టుకుంటుంది, మెల్లగా వదులుతుంది. దాని నీళ్లతో చుట్టూ ఊళ్ల పొలాలు పండుతాయి. దానిలో చేపలు పడతారు. దాని గడ్డి మీద పశువులు బతుకుతాయి. చుట్టుపక్కల బావుల్లో నీళ్లు నిలవడానికి అదే కారణం. రైతు, మత్స్యకారుడు, పశువుల కాపరి ముగ్గురికీ అది వేర్వేరు రుతువుల్లో వేర్వేరు పని. ఇంకా చేపకు, కొంగకు, కప్పకు, తుంగకు అది ఏడాది పొడవునా ఇల్లు.

ఆ నేల మీద 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానికి అనుమతి ఇచ్చినప్పుడు కాగితాల్లో అది పనికిరాని బంజరు. మనిషి దున్ని, పట్టా పుచ్చుకుని, శిస్తు కట్టని నేల ఏదైనా ఆ కాగితాలకు ఖాళీ నేలే. ఇది ఎవరో ఒక అధికారి దుర్మార్గం అని సరిపెట్టుకుంటే మనం అసలు సంగతి వదిలేసినట్టు. నిచ్చెన చూపు ఉన్నవాళ్లెవరైనా అలాగే రాస్తారు. పైమెట్టు మీది మనిషికి ఉపయోగపడేదే నేల, మిగతాది వృథా. బీలలో చేప ఉందంటే దాన్ని లెక్కించడానికి గడి లేదు. కొంగ ఉందంటే అసలే లేదు. చివరికి ఆ చేపను పట్టి బతికే మనిషికి కూడా గడి లేదు. సోంపేట మనకు నేర్పిన పాఠంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. మిగతా ప్రాణులను లెక్కలోంచి కొట్టేసిన కలం వాటితో బతికే మనుషులను కూడా కొట్టేస్తుంది. కొట్టేసిన వాళ్లలో మొదటి పేర్లు ఎప్పుడూ పేదలవే.

ఆ ఊళ్ల జనం ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి రిలే నిరాహార దీక్షలు చేశారు. 2010 జులై 14న బీల దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. తడినేలను తడినేల అని ఒక కాగితం ఒప్పుకోవడానికి, ఆ కాగితం వస్తున్న రోజునే, మనుషులు నేలకొరగవలసి వచ్చింది. ఏడు నెలలు తిరిగేసరికి, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. అక్కడ కూడా బొగ్గు విద్యుత్ కేంద్రమే, అక్కడ కూడా తడినేలే. నౌపడ వైపు దాన్ని తంపర అంటారు. ఉప్పు మళ్లకూ చేపల వేటకూ ఆ తంపరే ఆధారం. తేలినీలాపురం పక్షుల మేత కూడా అక్కడే.

తేలినీలాపురం టెక్కలి దగ్గరి ఊరు. చలికాలం ముందు గూడబాతులు, రంగు కొంగలు వచ్చి ఊరి చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని చేసి, వేసవి నాటికి వెళతాయి. ఇంకా ఉత్తరాన, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో వానల ముందు చిల్లుముక్కు కొంగలు దిగుతాయి. వాటి ముక్కు రెండు భాగాలకూ మధ్య సందు ఉంటుంది, నీటి నత్తలను పట్టి తినడానికి పనికొచ్చే ముక్కు అది. వరి మళ్లలో నత్తలు వాటి ఆహారం. ఆ ఊళ్లవాళ్లు పక్షుల జోలికి ఎవరినీ రానివ్వరు. అవి వస్తేనే వానలు పడతాయని నమ్ముతారు. వాతావరణ శాస్త్రం ప్రకారం పక్షి వానను తేదు. కాని పక్షి రావడానికి, పంట పండడానికి ఒకే నీరు కారణమన్నది శాస్త్రమే. తంపర ఎండితే పక్షి రాదు, చేప ఉండదు, ఉప్పు మడి పాడవుతుంది, బావి నీరు దిగిపోతుంది. ఆ ఊళ్లవాళ్ల నమ్మకం లెక్కలో తప్పినా దిశలో సరైనది. నిచ్చెన వాదం లెక్కలోనూ తప్పు, దిశలోనూ తప్పు.

దీనికి గట్టిగా వినిపించే ఎదురుప్రశ్న ఒకటుంది. కడుపు నిండినవాళ్లకు కొంగలూ తాబేళ్లూ కనిపిస్తాయి, పేదవాడికి కావలసింది కరెంటు, ఉద్యోగం, రోడ్డు అంటారు. ఈ ప్రశ్న వేసేవాళ్లు ఒక్కసారి సోంపేట దీక్షా శిబిరంలో ఎవరు కూర్చున్నారో గుర్తుచేసుకోవాలి. కూర్చున్నది రైతులు, మత్స్యకారులు, ఆ ఇళ్ల ఆడవాళ్లు. కడుపు నిండినవాళ్లు కారు. బీల పోతే ఏం పోతుందో వాళ్లకు పుస్తకం చదివి తెలియలేదు. ఇక్కడి మత్స్యకారులు వేల సంఖ్యలో ఏటా గుజరాత్‌లోని వెరావల్ దాకా వేటకు వలస పోతారు. 2018లో అలా వెళ్లి పాకిస్తాన్‌కు పట్టుబడిన మన జిల్లాల వాళ్లు 2020 జనవరిలో గానీ ఇళ్లకు చేరలేదు. సొంత తీరంలో వేట గిట్టుబాటు అయితే ఎవరూ అరేబియా సముద్రం దాకా వెళ్లి చెరసాల పాలు కారు. ప్రకృతినీ పేదవాడినీ తక్కెడలో చెరోవైపు పెట్టే వాదం పేదవాడి పేరు వాడుకుంటుంది గానీ పేదవాడిని అడగదు.

అయితే కలిసి బతకడం తేలికని నేను చెప్పను. అలా చెప్పేవాళ్లు మన జిల్లా తీరంలోని ఉద్దానం వెళ్లి జీడితోటలో ఒక రాత్రి కాపలా పడుకోవాలి. జీడిపండ్లకూ పనసపండ్లకూ ఎలుగుబంట్లు దిగుతాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడిలో మనిషి ప్రాణం పోయింది, మరికొందరు తీవ్రంగా గాయపడ్డారు. పట్టుకున్న ఎలుగు కూడా చనిపోయింది. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగుల గుంపుతో పార్వతీపురం, సీతంపేట వైపు రైతులు ఏళ్లుగా పంటలు, ప్రాణాలు కోల్పోతున్నారు. ప్రాణులన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయంటే అందులో ఈ భయం, ఈ నష్టం కూడా ఉన్నాయి. నా ఫిర్యాదు ఎలుగు మీద కాదు. ఎలుగు ఉండే కొండలను గ్రానైటుకు తవ్వుకునే లాభం ఒకరిదై, కొండ దిగిన ఎలుగుకు ఎదురుపడే గతి ఇంకొకరిదై ఉండడం మీద. మనిషి పైమెట్టు మీద ఉన్నాడు అన్నప్పుడు ఆ మనిషి ఎవరని అడగాలి. జీడితోటలో టార్చిలైటుతో తిరిగే మనిషి ఏ మెట్టు మీదా లేడు. అతనూ ఎలుగూ ఒకే చీకట్లో ఉన్నారు. నష్టపరిహారం ఆలస్యం లేకుండా అతని చేతికి అందడం, కొండల మీద మేత చెట్లు మిగలడం రెండూ ఒకే డిమాండు. వాటిని విడదీసి మాట్లాడే అటవీ సంరక్షణనూ నేను నమ్మను.

ఇంకొక మాట మర్యాదగా వినిపిస్తుంది. మన సంస్కృతిలో భూతదయ ఉంది, చీమకు చక్కెర పెట్టే జాతి మనది, తాబేలును దేవుడన్న వాళ్లం, మనకు పర్యావరణం ఎవరూ నేర్పక్కర్లేదు అంటారు. నాకు ఆ దయ మీద గౌరవం ఉంది. కాని దయ పైనుంచి కిందికి జారే గుణం. ఇచ్చేవాడి ఇష్టం మీద నడుస్తుంది. ఎదుటి ప్రాణి గురించి తెలుసుకోవలసిన పని దానికి ఉండదు. శ్రీకూర్మం గుడిలోని నక్షత్ర తాబేళ్లే దానికి సాక్ష్యం. పొలాల్లో, తుప్పల్లో కనిపించిన వాటిని పుణ్యమని తెచ్చి గుడిలో వదులుతారు. నక్షత్ర తాబేలు పొడినేల జీవి, గడ్డీ ఆకులూ పూలూ తిని తుప్పల్లో బతుకుతుంది. దానికి ఈత రాదు. తాబేలు కదా అని పుష్కరిణిలో వదిలితే అది మునిగిపోతుంది. ప్రసాదం పెడితే దాని పొట్ట పాడవుతుంది. గుంపుగా ఒకచోట పెడితే ఒకదాని జబ్బు అన్నిటికీ అంటుకుంటుంది. 2025లో ఇక్కడ తాబేళ్లు చనిపోతున్నాయన్న వార్తలు భక్తులను కలవరపెట్టాయి, ఆందోళనలు జరిగాయి. బాధ పడడం సహజం. ఆ బాధ తరువాత తాబేలు ఏం తింటుంది, ఎక్కడ బతుకుతుంది, ఎందుకు చనిపోయింది అని ఎంతమంది అడిగారన్నది అసలు పరీక్ష.

ప్రపంచంలో అక్రమ వ్యాపారానికి ఎక్కువగా బలయ్యే నేల తాబేళ్లలో నక్షత్ర తాబేలు ఒకటి. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దులోని ఒక్క సేకరణ ప్రాంతం నుంచే ఏడాదిలో కనీసం 55,000 పోతున్నాయని 2015లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. 2019లో వీటి అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించే జాబితాలో చేర్చారు. 2022 సవరణతో ఇవి మన వన్యప్రాణి చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూలులోకి వచ్చాయి. అదృష్టం తెస్తుందని ఇంట్లో పెంచుకునేవాళ్లే ఆ వ్యాపారానికి గిరాకీ. అంటే మొక్కే చేతులే కొంటున్నాయి.

గుడికి తూర్పున సముద్రం. అక్కడి ఇసుకలో శీతాకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో నూరు పైచిలుకు గుడ్లు. సుమారు 50 రోజులకు పిల్లలు వస్తాయి. వాటిలో ఆడవెన్నో మగవెన్నో తేల్చేది ఇసుక వేడి. వేడి పెరిగితే ఆడపిల్లలు ఎక్కువ. ఎక్కడో కాల్చిన బొగ్గు ఇక్కడి ఇసుకలో ఒక జాతి ఆడమగ నిష్పత్తిని మార్చగలదు. పైన ఒడిశాలోని రుషికుల్య తీరానికి లక్షల్లో వెళ్లే తాబేళ్లు మన తీరం వెంట ఈదుతూ ట్రాలర్ల వలల్లో చిక్కి ఊపిరాడక చస్తాయి. వలలో ఒక చట్రం, దాని పైన ఒక తలుపు పెడితే తాబేలు బయటికి పోతుంది, రొయ్య లోపల ఉంటుంది. ఆ పరికరం మన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ కూడా తయారు చేసింది. దాన్ని వాడనందుకు మన సముద్రపు రొయ్యలను అమెరికా 2019 నుంచి కొనడం మానేసింది. గుడిలో తాబేలుకు దండం పెట్టి, ఒడ్డున చచ్చిపడిన తాబేలును కుక్కలకు వదిలి వెళుతున్నాం. రెండు తాబేళ్లకూ సంబంధం లేదన్నట్టు.

మనిషి, తాబేలు, నత్త అన్నీ ఒకటేనా, మనిషికి ప్రత్యేకత ఏమీ లేదా అని అడిగేవాళ్లకు సూటిగా జవాబు చెప్పాలి. ప్రత్యేకత ఉంది. తాను చేస్తున్న పనికి ఫలితం వందేళ్ల తరువాత ఏమవుతుందో ఊహించగల ప్రాణి మనిషే. ఆ ఊహ ఉన్నందుకు బాధ్యత వచ్చింది, యాజమాన్యం రాలేదు. అయితే ఆ ప్రత్యేకత మనల్ని అల్లికలోంచి బయటికి తీయలేదు. మన ఒంట్లో మన కణాలు సుమారు 30 లక్షల కోట్లు, బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు. మన కణాలకు శక్తిని ఇచ్చే మైటోకాండ్రియా ఒకప్పుడు విడిగా బతికిన బ్యాక్టీరియా. తల్లి కడుపులో బిడ్డను అంటిపెట్టుకునే మావి ఏర్పడడానికి కావలసిన ఒక ప్రొటీను, పూర్వం మన వంశంలోకి చొరబడిన ఒక వైరస్ జన్యువు ఇచ్చింది. ప్రతి మనిషీ పుట్టకముందే ఇన్ని ప్రాణుల చేతుల మీదుగా వస్తాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద పడినప్పుడు కొబ్బరి చెట్టు, జీడి చెట్టు, వాటి కింద బతికే రైతు ఒకేసారి కూలిపోయారు. ఏ నిచ్చెనా అడ్డం రాలేదు.

పిల్లలకు ఏం చెప్పాలి అన్నది మిగిలింది. శ్రీకూర్మం గుడిలో ఒక మాస్టారు నిలబడి చెప్పగలిగింది చాలా ఉంది. కూర్మం మందరం కింద నిలిచిన కథ ఉన్నదున్నట్టు చెప్పాలి. దాన్ని డార్విన్‌కు ముడిపెట్టనక్కర్లేదు. అది తన కాళ్ల మీద తాను నిలబడగలదు. అవతల నక్షత్ర తాబేళ్ల దగ్గరకు తీసుకెళ్లి, దీని ఎముకలు ఎలా డిప్ప అయ్యాయో, ఇది ఏం తింటుందో, దీన్ని పొలంలో చూస్తే ఎందుకు అక్కడే వదిలేయాలో చెప్పాలి. ఆ రోజే బస్సును కళింగపట్నం ఒడ్డుకు తిప్పి, రిడ్లీ గూడు ఎలా ఉంటుందో అటవీశాఖ హేచరీ దగ్గర చూపించాలి. పరిణామం పాఠాన్ని, పుస్తకంలో లేకపోయినా, కొమ్మల బొమ్మ గీసి చెప్పాలి. దేవస్థానం తాబేళ్లకు తుప్పలు, గడ్డి ఉన్న విశాలమైన చోటు, పశువైద్యుడి పర్యవేక్షణ, చనిపోయిన ప్రతి తాబేలుకూ పంచనామా, ఏటా తలల లెక్క ప్రకటన ఏర్పాటు చేయాలి. విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విద్యార్థులను ఆ పనికి పంపాలి. జిల్లా రెవెన్యూ రికార్డుల్లో మిగిలిన బీలలు, తంపరలు, చెరువు గర్భాలు ఏ పేరుతో నమోదై ఉన్నాయో బయటపెట్టి, బంజరు అని ఉన్నచోట తడినేల అని రాయాలి. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. సోంపేటలో, కాకరాపల్లిలో జనం అడిగింది కూడా తడినేలను తడినేలగా గుర్తించమనే. వాళ్లకు ఇంకా పూర్తి జవాబు రాలేదు.